నబ్బోసా అత్త మూట

మా నబ్బోసా అత్త ఎవరికీ నచ్చే మనిషి కాదు. నాకూ నచ్చేది కాదు. ఆవిడకి ఎదురుపడితే మన నడకకి ఒక వంక, మన జుట్టుకి ఒక వంక, మనల్ని కన్న తల్లికి ఒక వంక పెట్టి గాని దారి వదిలేది కాదు. ఎనభై నాలుగేళ్ళ వయసులో కూడా గుమ్మం ముందు చాప మీద కాళ్ళు బారజాపుకుని, మట్టి గొట్టంలో పొగాకు దట్టించుకుని, కొండ కింద దారిన పోయేవాళ్ళని పేరుపేరునా తిట్టేది. ఎడమ కంట్లో పువ్వు పూసింది. ఆ కంటితోనే ఎక్కువ చూస్తుందని పిల్లలు హడలి చచ్చేవాళ్ళు.

పదిహేడో ఏట పెళ్ళి చేసి పంపితే నాలుగు నెలలకే చాప చంకన పెట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావని ఎవరడిగినా, "వాడు నమిలేటప్పుడు చప్పుడు చేస్తాడు" అనేది. అరవై ఏడేళ్ళ పాటు అదే జవాబు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తినవాళ్ళు ఆవిడ పెరట్లో కాచే అరటి కల్లు రుచి కూడా చూడకుండా పోయారు.

ఆవిడ తిట్లలో పెద్ద వాటా మా నాన్నది. నాన్న పేరు అనతోలి, ఆవిడకి చిన్న తమ్ముడు. ఆవిడ మాత్రం ఎప్పుడూ ఆ పేరు పలకలేదు. "మూటా" అని పిలిచేది. "ఒరే మూటా, కాఫీ చెట్లకి కొమ్మలు కత్తిరించావా?" "ఒరే మూటా, నీ పెళ్ళాం వేరుశెనగ పులుసులో ఉప్పు మర్చిపోయింది, నాలుక చచ్చిందా దానికి?" డెబ్భై ఏళ్ళు దాటిన మనిషిని అంతమందిలో మూట అని పిలుస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. నాన్న మాత్రం ఆ పిలుపు వింటే లేచి వెళ్ళేవాడు.

నిజం మూట ఇంకొకటి ఉంది. అది ఆవిడ మంచం కింద ఉండేది. మా మసాకా వైపు బిడ్డ బొడ్డు ఊడిపడితే పారెయ్యం, ఎండబెట్టి దాస్తాం. ఆ ముక్క బిడ్డకి జంట. వంశం పేరు పెట్టే రోజున దానికి వెన్న రాసి, చుక్క కారకుండా బిగువుగా అల్లిన బుట్టలో నీళ్ళూ పాలూ అరటి కల్లూ కలిపి, అందులో వేస్తారు. తేలితే బిడ్డ మన వంశం. మునిగితే ఆ తల్లి బిడ్డనెత్తుకుని తన దారిన పోవలసిందే. వేసేది ఇంట్లో పెద్ద ఆడమనిషి. మా అవ్వ పోయాక మా ఇంట్లో ఆ పని నబ్బోసా అత్తది. ఆవిడ వేసినవన్నీ తేలాయి. నా ముక్కకి వెన్న రాస్తుంటే మా అమ్మ, "అంత వెన్నెందుకు వదినా?" అందట. "నోర్ముయ్యి, నీ కూతురి బరువు నాకు తెలుసు" అందట అత్త. అలా తేలిన ముక్కలన్నీ, అవ్వ నాటివి, తన నాటివి, చెట్టు బెరడు సాగగొట్టి చేసే బెరడుబట్టలో మూటగట్టి ఆవిడే దాచింది. దాచిన బొడ్డు పోగొట్టకూడదనీ, మట్టిలో కలిసిన బొడ్డు తవ్వి తీయకూడదనీ, తీస్తే దాని మనిషి ఆ ఏడు దాటడనీ మా ఇంట్లో పిల్లలందరం వింటూ పెరిగాం.

అంతవరకూ బాగానే ఉంది. మా బులాసియో అన్నకి వంశ చరిత్ర రాయాలని బుద్ధి పుట్టాకనే కొంపలో నిప్పు పడింది.

బులాసియో అన్న మా పెదనాన్న పొన్సియానో పెద్దకొడుకు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా రిటైరై కంపాలా నుంచి వచ్చేశాడు. జీవితమంతా టీచర్ల తప్పులు వెతికిన మనిషి, ఇక ఇంట్లో వెతకడం మొదలుపెట్టాడు. పదకొండు తరాల పుస్తకం అచ్చు వేయిస్తానన్నాడు. వంశం పెద్దలు అందులో ఉన్న పేర్లనే లెక్కలోకి తీసుకుంటారన్నాడు. "ఫెరెదికా, నీ దస్తూరీ బాగుంటుంది, నువ్వు రాసిపెట్టు" అని నన్ను పిలిచాడు. నేను కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, నవ్వుకుంటూ ఆయన వెంట పోయాను. అప్పుడే నా కాళ్ళు విరగాల్సింది.

ఒప్పుకోవాలి, నాకు సరదాగానే ఉండేది. రెండు నెలలు తిరిగాం. ముసలివాళ్ళ ముందు చాపల మీద కూర్చుని, వాళ్ళు పెట్టిన కాఫీ గింజలు నములుతూ, ఎవరి కొడుకు ఎవరో రాసుకున్నాం. మా నాలుగో తరం తాత బెరడుబట్ట కొట్టేవాడట. సుత్తి జారి కాలివేలు ఊడితే ఆ వేలికి విడిగా గొయ్యి తవ్వి, ఏడ్చి, పూడ్చిపెట్టారట. ఇంకో తాతకి ముగ్గురు పెళ్ళాలుంటే పేర్లు తడబడతాయని ముగ్గుర్నీ ఒకే పేరుతో పిలిచేవాడట. పిలిస్తే ఒక్కతీ పలికేది కాదట. ఇంటికొచ్చి చెబితే నాన్న దగ్గుతూ దగ్గుతూ నవ్వేవాడు. అప్పటికే ఆయన కడుపులో గడ్డ పెద్దదైంది. ఆస్పత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

నబ్బోసా అత్త మాత్రం పెదవి విప్పలేదు. అన్న మూడుసార్లు వెళ్ళాడు. మూడోసారి ఆవిడ గొట్టం నోట్లోంచి తీసింది.

"ఏరా, ఇప్పుడు నువ్వు రాసేది ఉన్నవాళ్ళని కలుపుకోడానికా, విడగొట్టడానికా?"

"నిజం రాయడానికి అత్తా."

"నిజమా! బొడ్డూడని కుంకా, నీకు నిజం కావాలా? నీ కారు సీటు మీద ఆ నూనె మరకేంటో ముందది రాసుకో."

అన్న మొహం మాడిపోయింది. మాది మిడత వంశం, మిడత మాకు తినరానిది. నవంబరులో ఊరు ఊరంతా మిడతలు వేయించుకుని తింటుంటే మేం మొహం తిప్పుకు పోతాం. ఆ మరక చేసిన కాగితం పొట్లం అన్న కారులో నేనూ చూశాను. దానికి మిడత కాలొకటి అంటుకుని ఉంది. అన్నకి కంపాలాలో ఆ రుచి అబ్బింది, పెద్దవాడు కదా అని ఊరుకున్నాను.

తర్వాత చర్చికి వెళ్ళాం. కొండ కింద పాత చర్చిలో బాప్తిస్మం పుస్తకాలు రేకుపెట్టెలో ఉన్నాయి. గుమాస్తా తాళం తీసిచ్చి తన పని మీద పోయాడు. చెదలు తిన్న పుటలు. ఒక్కో వరసలో బిడ్డ పేరు, తండ్రి, తల్లి, వంశం. పెదనాన్నది దొరికింది, అత్తది దొరికింది. నాన్నది కూడా చూద్దామని నేనే పట్టుబట్టాను. అన్న ఆవలిస్తున్నాడు. పందొమ్మిది వందల నలభై మూడు పుటలో నా వేలే ఆ వరస మీద ఆగింది. నా వేలే. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే నాలుగు తన్నుకోవాలనిపిస్తుంది.

అనతోలి. తండ్రి పేరు ఉండాల్సిన చోట గీత. తల్లి, న్యిరమానా. ఆ పేరు మాది కాదు, దక్షిణాన కొండల అవతలి నుంచి కాఫీ కోతకి నడిచొచ్చే కూలీలది. వంశం దగ్గర "తెలియదు" అని రాసి, కొట్టేసి, వేరే సిరాతో "మిడత" అని రాశారు. పక్కన చిన్న అక్షరాల్లో, "తెచ్చినది: నబ్బోసా, వయసు పదకొండు."

అన్న ఆవలింత సగంలో ఆగింది. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాడు. ఫోన్‌తో ఫోటో తీశాడు. మా ఇంటి మలుపులో కారు ఆపి, "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు ఫెరెదికా" అన్నాడు.

"అదేంటన్నా?"

"మన వంశం పుస్తకం మనవాళ్ళే రాయాలి కదా."

ఆ మాట అంటూ నవ్వాడు! ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు. మా సెబ్బూమా తాత చనిపోతూ వారసుడి బల్లెం పెద్దకొడుకు పొన్సియానోకి ఇవ్వలేదు, మా నాన్నకిచ్చాడు. పెదనాన్న బతికినన్నాళ్ళూ సర్దుకున్నాడు, ఆయన కొడుకు సర్దుకోలేదు. నలభై ఏళ్ళు ఆ కడుపుమంట దాచుకుని, పుస్తకం పేరు చెప్పి నా చేతే దానికి మందు వెతికించుకున్నాడు.

రెండు రోజుల్లో అన్న నుంచి కబురొచ్చింది. అనతోలి మా వంశం కాదు, కూలీల బిడ్డ. కాబట్టి పుస్తకంలో ఉండడు, పోతే కొండ మీద మా వాళ్ళ సమాధుల్లో చోటు లేదు. ఆదివారం పెద్దల సభ.

నేను నాన్న దగ్గర దాచలేకపోయాను. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరగలేదు.

"నాకు తెలుసమ్మా. ఏడేళ్ళప్పుడు పొన్సియానో అన్న కోపంలో అనేశాడు. మా నాన్న వాణ్ణి చితకబాదాడు. మళ్ళీ వాడు అనలేదు, నేనూ అడగలేదు."

"ఇన్నేళ్ళూ మాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు చిన్నప్పుడు పక్కింటివాళ్ళు పెట్టిన మిడతలు తిన్నావు, గుర్తుందా? నిన్ను కొట్టాను."

గుర్తులేకేం. నాన్న జన్మలో నామీద చెయ్యి చేసుకున్నది ఆ ఒక్కసారే. దవడ వాచింది.

"మిగతావాళ్ళు తింటే, పోన్లే తప్పు చేశారంటారు. మనం తింటే, అదిగో చూశారా అంటారు. అందుకే కొట్టాను." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "పుస్తకంలో కొట్టేస్తే కొట్టెయ్యనీ. కొండ మీద మా నాన్న కాళ్ళ దగ్గర జాగా ఉంది. అక్కడికి రానిస్తారా? అది కనుక్కో."

నేరుగా అత్త గుమ్మం ముందుకి పోయి అరిచాను. డెబ్భై మూడేళ్ళు ఈ నిజం గుండెల్లో పెట్టుకుని మమ్మల్ని ఇలా నడివీధిలో నిలబెడతావా, ముందే చెబితే నేను ఆ పెట్టె తెరవనిచ్చేదాన్నా అని నోటికొచ్చినట్టల్లా అన్నాను. ఆవిడ గొట్టంలో బూడిద నేలకేసి కొట్టింది.

"అయిందా? ఇంకా ఉందా? మీ అమ్మ గొంతే వచ్చింది నీకు, ఏం పాపం చేశావో. కూర్చో."

కూర్చున్నాను.

"కోతల రోజులు. కూలీలకి కాఫీ ఆరబెట్టే పాకలో పడక. న్యిరమానా పొద్దున కన్నది, మర్నాటికి పోయింది. మొగుడెవరో, ఉన్నాడో లేడో. మిగతా కూలీలు దాన్ని పూడ్చి, పసివాణ్ణి సంచి మీద వదిలి, పక్క తోటకి పోయారు. మా నాన్న వెళ్ళి చూసొచ్చి, 'చర్చివాళ్ళకి కబురు పెడదాం' అన్నాడు. మా అమ్మ, 'నా దగ్గర పాలు లేవు' అంది. వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను పాకలోకి పోయాను. ఎవ్వరూ నాకు చెప్పలేదే. నేనే ఎత్తుకున్నాను. గుడ్డలో చుట్టి వీపుకి కట్టుకున్నాను. విప్పమన్నారు. విప్పలేదు. మేక పాలు పట్టాను. ఐదో రోజున వాడి బొడ్డు నా వీపు మీదే ఊడింది. గుడ్డలో దొరికింది."

"దాన్ని కూడా తేల్చారా?"

"మా అమ్మ వేసింది. బుట్ట నేను పట్టుకున్నాను."

"తేలిందా మరి?"

"నీకెందుకు?" అని కసిరింది. ఆ పువ్వు కన్ను నామీద నిలిపి, తర్వాత తనే అంది. "నన్ను పెళ్ళి చేసి పంపాక వీడు తిండి మానేశాడని కబురొచ్చింది. వచ్చేశాను."

"నమిలేటప్పుడు చప్పుడన్నావు?"

"అది కూడా చేసేవాడులే. పో ఇక, నా చాప మీంచి లే."

ఆదివారం భోజనాలయ్యాక పెదనాన్న ఇంటి అరుగు మీద సభ. వంశం తరఫున కయిజ్జి పెద్దాయన వచ్చాడు, నోట్లో పళ్ళు లేవు గాని మాట సూటిగా ఉంటుంది. మా వాళ్ళు ఇరవై మంది దాకా కూర్చున్నారు. నాన్న రాలేడు. బులాసియో అన్న తెల్ల అంగీ వేసుకుని, ఫోటో పెద్దది చేయించి తెచ్చి, స్కూలు తనిఖీకి వచ్చినట్టు చదివాడు. గీత దగ్గర ఆగాడు. "తెలియదు" దగ్గర ఆగాడు. కొట్టివేత దగ్గర ఇంకొంచెం ఎక్కువ ఆగాడు.

"బాబాయి మీద నాకు ద్వేషం లేదు. కానీ రక్తం రక్తమే. మన సమాధుల్లో మనవాళ్ళే ఉండాలి."

"బొడ్డు తేలింది కదయ్యా," అన్నాడు కయిజ్జి పెద్దాయన. "సెబ్బూమా మాతో చెప్పాడు."

"ఎవరు చూశారు తాతా? ముక్క తెచ్చింది అత్త, బుట్ట పట్టింది అత్త. గుప్పెడు వెన్న పూస్తే రాయి కూడా తేలుతుంది. మళ్ళీ వెయ్యమనండి. ఇప్పుడు, అందరి ముందూ. వెన్న లేకుండా."

నేను ఆగలేకపోయాను. "మా నాన్న జన్మలో మిడత ముట్టలేదు! నువ్వు కారులో కూర్చుని కాళ్ళతో సహా నములుతావు, రక్తం గురించి నువ్వా చెప్పేది?"

"ఫెరెదికా, నువ్వు ఈ సభలో ఏ లెక్కన మాట్లాడుతున్నావో అది తేలనీ ముందు," అన్నాడు అన్న. ఎవ్వరూ ఆయన్ని ఆపలేదు. చిన్నప్పట్నుంచీ నా చేతి కుట్లు వేసుకు తిరిగిన వరసకి నా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అందరూ నేలచూపులు చూశారు. వాళ్ళ మీద ఉమ్మాలనిపించింది.

అప్పుడు నబ్బోసా అత్త లేచింది. చంకలో మూట ఉంది. నీళ్ళ బుట్ట తనే ఇంటి నుంచి మోయించి తెచ్చింది. ఈ మాట వస్తుందని ఆవిడకి ముందే తెలుసు. మూట విప్పి చాప మీద పరిచింది. నల్లగా, గట్టిగా, ఎండు చిక్కుడు గింజల్లా ఇరవై మూడు ముక్కలు.

"ఇవిగో. వెన్న లేదు, పాలు లేవు, ఉత్త నీళ్ళు. ఇన్‌స్పెక్టరుగారూ, మూట ముక్క ఏదో తియ్యండి, వేస్తాను."

అన్న వంగి చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "ఏదో నీకే తెలియాలి అత్తా."

"నేనెందుకు చెప్పాలి? నేను అబద్ధాలకోరుని కదా, బుట్ట పట్టినదాన్ని కదా. చదువుకున్నవాడివి, చదువు."

"చెప్పకపోతే ఎలా?"

"ఎలాగంటే, అన్నీ వేసేస్తాను." గుప్పెట్లోకి అన్నింటినీ ఊడ్చింది. "అందరివీ ఇందులోనే ఉన్నాయి. పొన్సియానోది, నీది, నీ చెల్లెలిది, నీ కొడుకులిద్దరివీ. వెన్న లేకుండా తేలినవి ఇంటివాళ్ళవి, మునిగినవి బయటివాళ్ళవి. ఏది ఎవరిదో అప్పుడు చెబుతాను. ఒప్పుకుంటావా?"

చెయ్యి బుట్ట మీదకి చాపింది. ఒక్కసారిగా అరుగు మీద కలకలం రేగింది. అన్న చెల్లెలు పెర్పెటువా లేచి, "నాది వెయ్యకత్తా! నాకు పెళ్ళీడు కూతురుంది!" అని కేకలు పెట్టింది. అన్న పెద్దకొడుకు తండ్రి చొక్కా పట్టుకుని, "నాన్నా, ఒద్దని చెప్పు" అన్నాడు. అన్న మొహం చూడాలి. ఇరవై మూడు ముక్కల్లో తనదేదో తనకే తెలియదు. అది తేలుతుందో లేదో అంతకన్నా తెలియదు.

"చెయ్యి తియ్యి నబ్బోసా," అన్నాడు కయిజ్జి పెద్దాయన. "దీని గురించి వంశంలో పైవాళ్ళు తేల్చాలి. అప్పటిదాకా ఎవరూ ఎవరినీ బయటివాళ్ళనడానికి లేదు."

అత్త ముక్కలు మూట కట్టుకుంది. అన్న వెనకనుంచి అరిచాడు. "పైవాళ్ళు తేల్చేలోగా కొండ మీద గొయ్యి తవ్వితే ఊరుకోను!"

"నువ్వు ఊరుకోవడం ఎప్పుడు చూశాం?" అంటూ ఆవిడ వెనక్కి చూడకుండా పోయింది.

సభ అయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం నాన్న పోయాడు. చివరి మాట కూడా కొండ గురించే. "కనుక్కున్నావా?" అన్నాడు. "ఆఁ నాన్నా, రమ్మన్నారు" అన్నాను. అబద్ధం. ఆ అబద్ధం నిజం చేయకపోతే నేను బతికి ఏం లాభం అనిపించింది.

మర్నాడు పొద్దున నా తమ్ముళ్ళు పలుగులు పట్టుకుని కొండెక్కేసరికి అత్త అప్పటికే అక్కడుంది. తాత కాళ్ళ దగ్గర జాగాలో చాప వేసుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని, పొగ తాగుతోంది. ఆ వయసులో ఆ ఎత్తు ఎలా ఎక్కిందో దేవుడికే తెలియాలి. బులాసియో అన్న కొడుకులు ఆపడానికి వచ్చి, ఆవిణ్ణి చూసి అరటి చెట్ల దగ్గరే నిలబడిపోయారు.

"నా చుట్టూ తవ్వండ్రా," అంది మా వాళ్ళతో. "గొయ్యి నా పక్కకి వచ్చాక లేస్తాను. ముందు లేపాలనుకున్నవాడు నన్ను మోసుకుపోవాలి. ఎవడొస్తాడో రానీ."

ఎవడూ రాలేదు. గొయ్యి తవ్వారు.

మధ్యాహ్నం ఫాదర్ ప్రార్థన అయింది. నాన్నని బెరడుబట్టల్లో చుట్టి దింపారు. ఊరంతా ఉంది. అప్పుడు వచ్చాడు బులాసియో అన్న, అదే తెల్ల అంగీ, చంకలో ఆ పుస్తకం కాగితాలు.

"పూడ్చుకోండి," అన్నాడు అందరికీ వినబడేలా. "శవానికి అడ్డంపడ్డాడన్న మాట నాకెందుకు? కానీ వంశం పైవాళ్ళ దగ్గరికి వెళ్తా, కోర్టుకెళ్తా. నెల తిరిగేలోగా కాగితం తెచ్చి తవ్విస్తా. ఈ శవాన్ని కొండ దింపిస్తా. రాసిపెట్టుకోండి."

మా అమ్మ గుండె పట్టుకుని కూలబడింది. నేను పార అందుకున్నాను. నిజంగానే ఆయన నెత్తి మీద వేసేదాన్ని. అత్త కర్ర నా చేతికి అడ్డం పెట్టింది.

"తవ్విస్తావా?" అంది అన్నతో. మెల్లగా అడిగింది. ఆవిడ అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"తవ్విస్తా."

"మాట మీదుంటావా?"

"ఉంటా అత్తా. నన్నేం బెదిరించలేవు."

ఆవిడ నడుముకి కట్టుకున్న గుడ్డ ముడి విప్పింది. లోపలి నుంచి మూట తీసింది. ఆ బెరడుబట్ట మూట, ఇరవై మూడు ముక్కల మూట. గోతి అంచున వంగి, నాన్న గుండెల మీద పడేలా లోపలికి వదిలేసింది.

"అయితే తవ్వించు. నీ బొడ్డు కూడా అందులోనే ఉంది. నీ కొడుకులవీ అందులోనే ఉన్నాయి. మట్టిలో కలిసిన బొడ్లు పైకి తీయించు, కోర్టువాళ్ళ ముందు పరిచి నీదేదో వెతుక్కో."

పెర్పెటువా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్న గోతిలోకి చూస్తూ ఉండిపోయాడు. చంకలో కాగితాలు జారి మట్టిలో పడినా చూసుకోలేదు.

అత్త మాత్రం ఆయన్ని పట్టించుకోవడం మానేసింది. కర్ర మీద ఆనుకుని లోపలికి వంగింది.

"ఒరే మూటా," అంది. "నిన్ను నేను మోశాను. ఇక వీళ్ళని నువ్వు మొయ్యి."

నేను ఏడుస్తున్నాను. ఆ ఏడుపులో ఎవరో నా చేతిలోంచి పార లాక్కున్నారు. బులాసియో అన్న. ఆ తెల్ల అంగీ మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని, మొదటి మట్టి ఆయనే వేశాడు. తర్వాత రెండోది, మూడోది, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, ఆ మూట కనబడకుండా పోయేదాకా ఆయాసపడుతూ వేస్తూనే ఉన్నాడు.